మొదటి ధార పారబోస్తారా?

బంబాయి కామాటిపురాలో, వరసగా ఒంటి గదులున్న మా చాల్‌లో తాగని మగవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు, అందులోనూ రెండు వేళ్లు మిగులుతాయి. అయినా విస్కీ పుట్టిన దేశానికి వెళ్లి, అది కాచేచోట నిలబడి, కాచినవాడి చేత్తో పోయించుకొని తాగింది ఆ చాల్ మొత్తంలో నేనొక్కదాన్నే. అంతకుముందు దాన్ని నోట పెట్టలేదు. కోరి వెళ్లిందీ లేదు. ఒక ముసలామె తుంటి ఎముక విరగడం వల్ల వెళ్లాను.

మిల్లుల సమ్మె తర్వాతి రోజులవి. సమ్మె ముగిసిందని ఎవరూ చెప్పలేదు, మిల్లు తెరిచారనీ చెప్పలేదు. మా ఆయన చాలాకాలం రోజూ పొద్దున గేటు దాకా వెళ్లి, గేటును చూసి, తిరిగి వచ్చేవాడు. చివరకు నాగ్‌పాడాలో ఒక లేత్ వర్క్‌షాపులో ఇనుప పొట్టు ఊడ్చే పనికి కుదిరాడు. నేను తాడ్‌దేవ్‌లో ఒక పార్శీ ముసలామె దగ్గర ఆయాగా చేసేదాన్ని. ఆమెను అందరూ బాయీ అనేవాళ్లు, నేనూ అంతే. మా ఇద్దరి మధ్య నడిచేది బంబాయి హిందీ. ఆమెది గుజరాతీ యాస, నాది పాలమూరు యాస. ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను.

బాత్రూమ్‌లో జారిపడి బాయి చక్రాల కుర్చీ పాలైంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు స్కాట్లాండ్‌లో డాక్టరు. వేసవి మూడు నెలలూ తన దగ్గర ఉండమని రాశాడు. "ఆయా లేకుండా నేను పక్కగదికే పోలేను, విలాయతుకు ఎలా వస్తాను?" అని ఆమె జవాబు రాయించింది. అలా, ఏడో తరగతి పూర్తి చేయని నాకు పాస్‌పోర్టు అవసరమైంది.

విచారణకు ఒక పోలీసు జమాదారు వచ్చాడు. కాగితంలో చిరునామా చూశాడు, నన్ను చూశాడు. కామాటిపురా, ఆడమనిషి, విదేశం. మూడింటినీ కలిపి తనకు తోచిన కథ అల్లుకున్నాడు. మా తలుపు మీద 'ఫ్యామిలీ ఖోలీ' అని తెల్లరంగుతో పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి. సానికొంపలు నిండిన ఆ పేటలో సంసారుల ఇళ్లన్నిటికీ అలా రాసుకోవలసిందే. ఆయన దాన్ని కూడా చదివాడు.

"ఏం పని మీద పోతున్నావు?"

"ఒక ముసలామెకు స్నానం చేయించడానికి."

ఆయన నవ్వాడు. లోపల పడుకుని ఉన్న మా మామ లేచి వచ్చాడు. మా మామ నలభై ఏళ్లు మేస్త్రీగా పనిచేసినవాడు. బంబాయిలో ఆయన గోడ కట్టని పేట లేదని ఆయన నమ్మకం.

"సాబ్, గీ చాల్‌కు రాళ్లు మోసింది మా తాత. ఈ పక్క గల్లీల గోడలు నేను గట్టిన. నా కోడలు ముసలామెకు తానం పోయనీకె పోతుందంటే అందుకే పోతుంది. రాస్కో."

జమాదారు రాసుకున్నాడు. ఆయన మెట్లు దిగగానే మామ నావైపు తిరిగాడు. "సీమకు పోతున్నవ్ గద బిడ్డా. ఒక్క సీస తే. ఏక్‌దమ్ అస్లీది."

ఆ విషయంలో మామ మాటకు చాల్‌లో విలువ ఎక్కువ. ఒకప్పుడు మలబార్ హిల్ మీద ఒక సేఠు ఇంటికి స్లాబు వేసిన రోజు, సేఠు మేస్త్రీలందరికీ తలా అరగ్లాసు స్కాచ్ పోశాడట. ఆ అరగ్లాసు బలంతో ఆయన ముప్పై ఏళ్లుగా విస్కీ గురించి తీర్పులు చెబుతున్నాడు. ఆయన రోజూ తాగేది మాత్రం ఫోరస్ రోడ్ దుకాణంలో దొరికే సంత్రా, అంటే నారింజ రంగు దేశీ సారా.

కొడుకు ఉండే ఊరు చాలా చిన్నది. వేసవి అన్నారు. మూడు స్వెటర్లు వేసుకొని నేను ఆ మాట నమ్మాను. వీధిలో మనిషి కనబడడు. మా చాల్‌లో పొద్దున నీళ్ల నల్లా దగ్గర వినబడేంత మాట ఆ ఊళ్లో నెల మొత్తం వినబడలేదు. బాయికి కొండలు చూపించారు, గొర్రెలు చూపించారు, మళ్లీ కొండలు చూపించారు. చూపించడానికి ఇంకేమీ మిగలకపోయేసరికి, ఒకరోజు ఆమె కోడలు మమ్మల్నిద్దరినీ విస్కీ తయారుచేసే చోట దింపి, తన పనులు చూసుకోవడానికి వెళ్లింది. ఆమె తెల్లామె. మా మీద విసుగు లేదు కానీ, విసుగు పుట్టేలోపల వెళ్లిపోయే తెలివి ఉన్న మనిషి.

లోపలికి పోవడానికి టికెట్టు కొనాలన్నారు.

"సారా బట్టీ చూడటానికి టికెట్టా?" అన్నాను.

"బట్టీ అనకు. వీళ్లకు ఇది గుడి లాంటిది," అంది బాయి.

మాతో పాటు ఇంకో పదిమంది ఉన్నారు, మెళ్లో కెమెరాలతో. చూపించేవాడు ఎర్రటి మొహం, తెల్లటి కనుబొమలు ఉన్న పెద్దాయన. అక్కడే ముప్పై ఏళ్లు విస్కీ కాచి, మోకాళ్లు పోయాక ఈ పనికి మారాడట. నేను కుర్చీ తోసుకుంటూ వెనకాల నడిచాను. మొదటి గది దాటగానే పులిసిన గింజల వాసన ముక్కుకు తగిలింది. నా కాళ్లు ఆగిపోయాయి.

మా అమ్మ మా ఊళ్లో ఇప్పపువ్వు సారా కాచేది. ఈ మాట అప్పటికి పెళ్లయిన పదకొండేళ్లలో నేను బంబాయిలో ఎవరికీ చెప్పలేదు. సంబంధం కుదిర్చినప్పుడు మా మేనమామ, "మా అక్క ఆకుకూరలు అమ్ముతది" అని చెప్పాడు. పూర్తిగా అబద్ధం కాదు. గంపలో పైన తోటకూర కట్టలే ఉండేవి. అత్తవారింట్లో చెప్పకపోవడానికి కారణం మామే. రోజూ సాయంత్రం గ్లాసు పడకపోతే ఆయనకు అన్నం దిగదు. కానీ సారా కాచేవాళ్లంటే మంట. ఆయన లెక్కలో తాగేవాడు కష్టజీవి, కాచేవాళ్లు కొంపలు కూల్చేవాళ్లు.

ఏడాదికి రెండుసార్లయినా ఆబ్కారీ వాళ్లు మా ఇంటిమీద పడేవాళ్లు. కుండలు పగలగొట్టేవాళ్లు, నానబెట్టిన పువ్వును కాళ్లతో తొక్కేవాళ్లు. ఒకసారి అమ్మను పట్టుకుపోయి ఆరు రోజులు లోపల ఉంచారు. అవి నా ఏడో తరగతి పరీక్ష రోజులు. తమ్ముడికి వండిపెట్టడానికి నేను ఇంట్లో ఉండిపోయాను. పరీక్ష పోయింది. అమ్మ వచ్చింది, కొత్త కుండలు కొన్నది.

తర్వాతి హాలులో రాగి బానలు ఉన్నాయి. ఒక్కొక్కటి మా చాల్‌లో రెండో అంతస్తు గ్యాలరీని అందుకునేంత ఎత్తు. తోమి తోమి అద్దంలా చేశారు. అందరూ కెమెరాలు ఎత్తారు. నేను మాత్రం పనితీరు చూశాను. కింద మంట. పైన ఆవిరి. ఆవిరి పోయే మెడ. మెడ చివర చల్లటి నీళ్లు. నీళ్ల దగ్గర ఆవిరి మళ్లీ ధారగా మారడం. మా అమ్మ మూడు కుండలు ఒకదాని మీద ఒకటి పెట్టి, సందులకు బంకమన్ను మెత్తి చేసిన పనే. దీనికి ఆమెను లోపల వేశారు. ఇక్కడ పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని మరీ చూపిస్తున్నారు.

ధార పడేచోట ఇత్తడి చట్రంతో ఒక గాజుపెట్టె, దానికి పెద్ద తాళం. సర్కారు తాళం అని బాయి నాకు చెప్పింది. మొన్నమొన్నటి దాకా ఆబ్కారీ ఆయన ఒకడు ఈ ఆవరణలోనే ఉండేవాడట. ఆయనకొక గది, కుర్చీ, ఉదయం సాయంత్రం చాయ. తాళం తీయడం, ఎంత వచ్చిందో రాసుకోవడం, తాళం వేయడం ఆయన ఉద్యోగం.

పెద్దాయన చెప్పడం ముగించి, ఎవరైనా ఏమైనా అడుగుతారా అన్నాడు. ఒకాయన బానల వయసు అడిగాడు. ఒకామె మరుగుదొడ్డి ఎక్కడ అని అడిగింది. నాకు నోరు ఆగలేదు. వంగి బాయి చెవిలో అన్నాను. "మొదటి ధార పారబోస్తారా, అడుగు."

"ఏం ధార?"

"అడుగు బాయీ. ఆయనకు తెలుస్తుంది."

బాయి ఇంగ్లీషులో అడిగింది. పెద్దాయన మొహం మారింది. బాయిని వదిలి నన్ను చూశాడు. పారబోయం, పక్కకు తీసి మళ్లీ బానలో పోస్తాం అన్నాడు. మొదట వచ్చేది మంచిది కాదు, చివర వచ్చేదీ మంచిది కాదు, నడిమిది మాత్రమే పీపాకు పోతుంది అన్నాడు. బాయి చెప్పకముందే ఆయన చేతుల కదలికతో నాకు అర్థమైంది. అమ్మ మొదటి ధారను పొయ్యిలో పోసి మంట రంగు చూసేది. అది తాగినవాడి కళ్లు పోతాయనేది. ఆమె సారాతో ఎవరి కళ్లూ పోలేదు. ఆమె గొప్ప చెప్పుకోగలిగింది అదొక్కటే.

ఈమెకు ఇదంతా ఎలా తెలుసని ఆయన అడిగాడు. బాయి తల తిప్పి నన్ను చూసింది. ఆరేళ్లుగా ఆమె మందుల డబ్బా, బీరువా తాళంచెవులు నా చేతిలోనే ఉన్నాయి. పనిపోయినా సరే, ఆ బానల ముందు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మా అమ్మ కాచేది. ఆబ్కారీ వాళ్లు కుండలు పగలగొట్టేవాళ్లు."

బాయి కుర్చీలో నిటారుగా సర్దుకుంది. తర్వాత పెద్దాయనకు ఇంగ్లీషులో ఏదో చెప్పింది, నేను చెప్పినదానికంటే చాలా పొడుగ్గా. ఆయన టోపీ తీసి, నా చెయ్యి పట్టుకొని గట్టిగా ఊపాడు. కెమెరాలవాళ్లందరూ నావైపు తిరిగారు. ఏం చెప్పావని తర్వాత అడిగితే బాయి అంది, "ఈమె కుటుంబం దక్షిణాదిలో ఇదే వ్యాపారంలో ఉంది, సర్కారుతో కొంచెం తగాదాలు ఉన్నాయి అన్నాను. ఏం, తప్పా?"

తప్పు కాదు. ఒక్క ముక్క కూడా తప్పు కాదు.

మిగతావాళ్లకు బయట బల్ల దగ్గర చిన్న చిన్న గ్లాసులు ఇచ్చి పంపించి, పెద్దాయన మమ్మల్నిద్దరినీ పీపాలు ఉండే చీకటి గోదాములోకి తీసుకెళ్లాడు. ఒక పీపాలోంచి రాగి గొట్టంతో తీసి రెండు గ్లాసుల్లో పోశాడు. పన్నెండేళ్లుగా నిద్రపోతున్నదట. మా అమ్మ కాచింది పన్నెండు గంటలు నిలిస్తే గొప్ప. బాయికి గుండె మాత్రల వల్ల తాగకూడదు.

"నాదీ నువ్వే తాగు. వద్దంటే ఆయనకు అవమానం. తాగి ఎలా ఉందో నాకు చెప్పు. సరిగ్గా చెప్పు."

నేను ముక్కు మూసుకొని ఒక్క గుక్కలో పోసుకున్నాను. మా చాల్‌లో తాగడం అలాగే చూశాను. గొంతులోంచి కడుపు దాకా ఎవరో నిప్పుకణిక దొర్లించినట్టయింది. పెద్దాయన "అయ్యో" అన్నట్టు చెయ్యెత్తాడు. చిన్నగా, నీటి చుక్క కలిపి, నాలుక మీద ఉంచి తాగాలని చూపించాడు. రెండో గ్లాసు అలాగే తాగాను. మొదట మంట. మంట కింద పొగ. వాళ్లు మట్టిపెళ్లల్ని పిడకల్లా ఎండబెట్టి కాల్చి, ఆ పొగలో గింజను ఆరబెడతారట. ఆ పొగ కింద ఏదో తీపి, నెయ్యి కాచినప్పుడు అడుగున మిగిలే గోకుడు లాంటిది.

"ఎలా ఉంది?" అంది బాయి.

"వానాకాలంలో పొయ్యి మీద ఆరేసిన గొంగళిలా ఉంది."

బాయి దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. పెద్దాయన తల ఊపి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. ఇంకో పీపా దగ్గరికి నడిచాడు. అది కూడా తాగి చెప్పాను. మూడోదానికి ఏం చెప్పానో గుర్తులేదు. తిరిగి వచ్చేటప్పుడు చక్రాల కుర్చీ నేరుగా పోవడం మానేసింది. ఒకసారి గోడను తాకింది, ఒకసారి పూలతొట్టిని. బాయి కుర్చీ చేతులు పట్టుకొని చిన్నపిల్లలా నవ్వింది. తుంటి విరిగాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. గేటు దగ్గర పెద్దాయన ఒక సీసా కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. "మీ అమ్మగారికి," అన్నాడట.

ఆ సీసా మాత్రం నేరుగా మామ చేతికే పోయింది. నేను తిరిగొచ్చిన తర్వాతి ఆదివారం, పదకొండు గంటలకు, ఆయన గదుల ముందున్న గ్యాలరీలో చాప పరిచాడు. ఆయనతో పాటు పనిచేసిన ఇద్దరు ముసలి మేస్త్రీలను పిలిచాడు. లోపల మా అత్త బోటీ వేపుతోంది. మామ సీసా మూత తీసి, ఒక చుక్క వేలి మీద వేసుకొని, సిమెంటు చూసినట్టు బొటనవేలితో రుద్దాడు. వాసన చూశాడు. తలా ఒక స్టీలు గ్లాసులో పోశాడు, ముగ్గురూ తాగారు. ముగ్గురి మొహాలూ ఒక్కసారే ముడుచుకుపోయాయి.

"పొగ వాసనొస్తుంది," అన్నాడు ఒక మేస్త్రీ.

"కాలిన తాడు లెక్కుంది," అన్నాడు రెండోవాడు.

మామ గ్లాసు కింద పెట్టాడు. "నక్లీ. సేఠు పోసింది తియ్యగుండె, షర్బత్ లెక్క. నిన్ను మోసం జేసిన్రు బిడ్డా."

"లేదు మామా, అక్కడ గూడ గిదే రుచి."

"నీకెట్ల ఎర్క?"

"తాగిన."

మేస్త్రీలిద్దరూ తమ గ్లాసులను చాలా శ్రద్ధగా చూసుకున్నారు.

"తాగినవా?" అన్నాడు మామ. "మా ఇంటి కోడలు గ్లాసు పట్టుడేంది? బాజూల మరాఠోళ్లుంటరు, ఏమనుకుంటరు?"

లోపల్నుంచి అత్త గొంతు వచ్చింది. "నేను బాలింతగున్నప్పుడు మీ అవ్వ మూడు దినాలు నాకు సార తాపింది. అప్పుడు బాజూల మరాఠోళ్లు లేకుండెనా?"

"అది మందు!"

"మీరు దినాం తాగేదాన్ని గూడ మందే అంటరు గద."

మామ ఆ దారి వదిలేసి మళ్లీ నా మీదికి వచ్చాడు. "నాలుగు చుక్కలు తాగితే అస్లీ, నక్లీ ఎర్కయితదా? నీకెవరు నేర్పిన్రు?"

అమ్మ గురించి ఒకచోట చెప్పిన నిజం రెండోచోట చెప్పడం తేలిక. "మా అవ్వ కాస్తుండె మామా. ఇప్పపువ్వు సార. ఆకుకూరలు పైకి."

మామ మొహం నల్లబడింది. ఇక కొంపలు కూల్చేవాళ్ల ప్రసంగం మొదలవుతుందని తల దించుకున్నాను. ఆయన ఖాళీ గ్లాసును చాప మీద అటూ ఇటూ తిప్పాడు. చివరకు అడిగాడు. "మీ పెండ్లిల, మీ ఊర్ల, మాకు పోసింది?"

"అది గూడ అవ్వదే."

ఆ పెళ్లిలో పోసిన సారా గురించి ఆయన మాకు పదకొండేళ్లుగా చెబుతున్నాడు. అలాంటిది మళ్లీ తాగలేదని, పొద్దున లేస్తే తలనొప్పి కూడా లేదని, ఈ బంబాయి వాళ్లకు కాచడం రాదని. మేస్త్రీలిద్దరూ కూడా ఆ పెళ్లికి వచ్చినవాళ్లే. వాళ్లు మామ వైపు ఆశగా చూశారు. మామ సీసా అందుకొని మళ్లీ పోసుకున్నాడు. తర్వాత, "బోటీ అయ్యిందా లేదా?" అని లోపలికి కేకేశాడు. స్కాచ్ మాత్రం నక్లీ అన్న మాట ఆయన వెనక్కి తీసుకోలేదు. ఆ నక్లీ సీసా మూడు గంటలకల్లా ఖాళీ అయింది.

మర్నాడు పొద్దున నీళ్ల వరసలో మా ఆయన నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ముందురోజు మాటలన్నీ ఆయన గుమ్మంలో కూర్చుని విన్నాడు.

"ఎట్లుండె?" అన్నాడు మెల్లగా.

"ఏంది?"

"గదే. ఆడ తాగింది."

"మొదాల మంటుండె. తర్వాత మంచిగుండె."

బిందె నిండేదాకా ఆగాడు. "మీ అవ్వ సంగతి నాకన్న చెప్పకపోతివి."

"చెప్తే నన్ను చేసుకుందువా?"

"ఎందుకు చేసుకోను? అల్లునికి పైస లేకుంట ఫుకట్‌ల దొరుకుతుండె గద," అని బిందె ఎత్తుకొని మెట్లెక్కాడు.

తర్వాతి ఎండాకాలం ఊరికి వెళ్లినప్పుడు అమ్మకు అంతా చెప్పాను. సీసా మామ తాగేశాడని కూడా చెప్పాను. అప్పటికి ఆమె కాచడం మానేసింది. కళ్లు మసకలు. రాగి బానల గురించి విన్నది, టికెట్టు గురించి విన్నది, ఏదీ ఆమెకు వింతగా అనిపించలేదు. ఆబ్కారీ ఆయన గది, కుర్చీ దగ్గర మాత్రం నన్ను ఆపింది.

"కూసోని ఏం జేస్తడు?"

"తాళమేసి, ఎంతొచ్చిందో రాసుకుంటడు."

"తన్నడా?"

"తన్నడు."

"కుండలు పలగ్గొట్టడా?"

"లేదే అవ్వా."

"మరి ఆయన ఆబ్కారోడని వాళ్లకెట్ల ఎర్కయితది?" అని అడిగింది.

బంబాయిలో బాయి ఊరుకోలేదు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ నా కథ చెప్పింది. శనివారం మధ్యాహ్నాలు ఆమె స్నేహితులు పేకాటకు వచ్చేవాళ్లు. వాళ్లిళ్లలో స్మగ్లింగ్ విస్కీ సీసాలు ఉండేవి. నాగ్‌పాడాలో నింపినవా, నిజంగా ఓడ దిగినవా అన్నది వాళ్లకెప్పుడూ బెంగే. బాయి నన్ను వంటింట్లోంచి పిలిచేది. నేను చేతులు తుడుచుకొని వచ్చి, వాసన చూసి చెప్పేదాన్ని. తాగాల్సిన పని లేదు. నకిలీవాళ్లు రంగు కోసం కలిపే కాల్చిన చక్కెర వాసన వస్తే అది సముద్రం చూడలేదని అర్థం.

ఒకసారి బాయి తమ్ముడు, పెద్ద వకీలు, నమ్మకమైన మనిషి దగ్గర కొన్నానని ఒక సీసా తెచ్చాడు. నలుగురి ముందు దాన్ని నా ముక్కు దగ్గర పెట్టారు. "కాల్చిన చక్కెర," అన్నాను. వకీలు సీసాను పేపర్లో చుట్టుకొని వెళ్లాడు. రెండు నెలలు అక్క గడప తొక్కలేదు.

"నీ ముక్కు బాగానే ఉంది, దానికి మర్యాద నేర్పాలి," అంది బాయి. "ఇకమీదట నకిలీ అయితే 'చాలా పాతది' అని చెప్పు. నాకు అర్థమవుతుంది."

అలాగే చెప్పాను. సీసా తెచ్చినవాళ్ల మొహాలు వెలిగిపోయేవి. బాయి కిటికీ వైపు చూస్తూ నవ్వు ఆపుకునేది. బాయి ఆ తర్వాత బతికిన నాలుగేళ్లలో తాడ్‌దేవ్‌లో నేను చాలా పాతవని చెప్పిన సీసాలకు లెక్కలేదు. బాయి పోయాక కొడుకు వచ్చి ఇల్లు అమ్మేశాడు. నాకు వాల్కేశ్వర్‌లో ఒక జైనుల ఇంట్లో పని దొరికింది. ఉల్లిపాయ కూడా గడప దాటని ఇల్లు. జీతం ఎక్కువ, పని తక్కువ. అక్కడ పాలు విరిగాయో లేదో చూడటం తప్ప నా ముక్కుకు వేరే పని పడలేదు.